పాత మేకుకు టీకా తాత్పర్యం

తవ్వకంలో బంగారు నాణెం బయటపడితే మర్నాటి పత్రికలో బొమ్మ వస్తుంది. మేకు బయటపడితే వస్తువుల పట్టీలో ఒక పంక్తి చేరుతుంది. ఆ పంక్తిని చదవడం తెలిసినవాళ్లకు ఇంటి కప్పు సంగతి, బండి చక్రం సంగతి, సైనికుడి చెప్పు సంగతి, చితి పేర్చిన తీరు కూడా అందులోంచే తెలుస్తాయి. రోమన్ సామ్రాజ్యపు స్థలాల్లో మేకులు, బొడిపెలు, బందులు లక్షల్లో దొరికాయి. వాటిని కొలిచి, రకాలుగా విడదీసి, ఎక్స్‌రే తీసి పరిశీలించే విద్య అక్కడ బాగా ఎదిగింది. దక్కన్‌లో శాతవాహనుల నాటి పొరల్లోంచి వచ్చే ఇనుప సామానుకు కూడా ఆ విద్య పనికొస్తుంది.

హవేలిఘనపూర్ వాళ్లకు ఇది ఎక్కడిదో దూరపు ముచ్చట కాదు. 2016లో జిల్లాలు విడిపోయేదాకా మనమూ కొండాపూర్ వాళ్లమూ ఒకే మెదక్ జిల్లా. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఆ కొండాపూర్ కోటగడ్డను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హెన్రీ కజిన్స్ గుర్తించాడు. 1940ల తొలి ఏళ్లలో నిజాం రాజ్యపు పురావస్తు శాఖ పెద్ద గులాం యజ్దానీ అక్కడ తవ్వించాడు. 2009 తర్వాత భారత పురావస్తు సర్వేక్షణ శాఖ మళ్లీ తవ్వింది. శాతవాహన నాణేలు వేలల్లో దొరికాయి. నాణేలు పోసే మట్టి అచ్చులు, పూసలు, తెల్లమట్టి బొమ్మలు, బౌద్ధ కట్టడాల పునాదులు, కొలుములు, ఇనుప పనిముట్లు దొరికాయి. రోమన్ చక్రవర్తి అగస్టస్ పేరిట కొట్టిన బంగారు నాణెం ఒకటి కూడా దొరికింది. చూడటానికి వెళ్లినవాళ్లు ముందు ఆ నాణెం గురించే అడుగుతారు. ఇనుప ముక్కల దగ్గర ఎక్కువసేపు నిలబడేవాళ్లు తక్కువ. ఈ వ్యాఖ్యానం ఆ ముక్కల కోసం.

వ్యాఖ్యానానికి మూలం ఉండాలి. పురావస్తు పట్టీల్లో కనిపించే తీరులో ఒక పంక్తి కూర్చి ఇక్కడ పెడుతున్నాను. ఇది ఏ ఒక్క మ్యూజియానిదీ కాదు, తీరు చూపడానికి రాసుకున్నది.

“ఇనుప మేకు. సాగగొట్టినది. కాండం చౌకం. తల గుండ్రం, పలుచన. మొన వంగినది. తుప్పు దట్టం, కర్ర ఆనవాలు ఉంది. రోమన్. పొర నమోదు లేదు.”

ఇక ఒక్కో మాటా తీసుకుందాం.

ఇనుప

ఆ రోజుల్లో ఇనుమును కరిగించి పోసేవాళ్లు కారు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. బొగ్గు, తిత్తి ఉన్న మట్టి కొలిమిలో దాదాపు 1200 డిగ్రీలు వస్తాయి. ఆ వేడికి ఖనిజంలోని మలినాలు కరిగి చిట్టెంగా కిందికి కారిపోతాయి. ఇనుము స్పంజిలాంటి ముద్దగా మిగులుతుంది. ఆ ముద్దను ఎర్రగా ఉండగానే సమ్మెటతో మోది లోపలి చిట్టెం పిండేస్తే కడ్డీ తయారవుతుంది. ఇటలీలోనైనా తెలంగాణలోనైనా అప్పటి పద్ధతి స్థూలంగా ఇదే.

ఉత్తర తెలంగాణలో ఈ పనికి ఎన్నో ఊళ్లు సాక్ష్యం. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో 1960ల చివర నుంచి వి.వి. కృష్ణశాస్త్రి జరిపిన తవ్వకాల్లో శాతవాహనుల నాటి కమ్మరి పనిచోటు బయటపడింది. 2010లో శారదా శ్రీనివాసన్, జిల్ జూలెఫ్, ఎస్. జైకిషన్ కలిసి ఉత్తర తెలంగాణ జిల్లాల్లో ఊరూరా తిరిగి చిట్టెపు దిబ్బలను నమోదు చేశారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తయారయ్యే ఉక్కును 1820ల్లో హెన్రీ వోయ్సీ కళ్లారా చూసి రాశాడు. ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. కాబట్టి మన నేలలో ఒక ఇనుప మేకు దొరికితే, దాని పుట్టిల్లు వెతకడానికి ముందు చూడాల్సింది చుట్టుపక్కల ఉన్న చిట్టెపు దిబ్బల వైపే.

సాగగొట్టినది

ఈ మాట వెనుక ఒక మనిషి పనితనం ఉంది. కమ్మరి కడ్డీ కొసను కొలిమిలో పెట్టి తిత్తి ఊదిస్తాడు. కొస ఎర్రబారి పసుపు తేలగానే పటకారుతో పట్టి దాగలి మీద పెడతాడు. ఒక దెబ్బ, పావు తిప్పు. మళ్లీ ఒక దెబ్బ, మళ్లీ పావు తిప్పు. అలా నాలుగు పక్కలా సమానంగా దెబ్బలు పడేసరికి కొస సన్నగా సాగి మొన తేలుతుంది. కావలసిన పొడవు దగ్గర ఉలి ఆనించి సగందాకా కోస్తాడు. చిల్లున్న ఇనుప దిమ్మలో మొనను దించి కడ్డీని విరుస్తాడు. దిమ్మ పైన మిగిలిన పొట్టి ముక్క మీద నాలుగు దెబ్బలు వేస్తే అది పరుచుకుని తల అవుతుంది. దిమ్మను నీళ్లలో తట్టితే మేకు రాలిపడుతుంది. ఇదంతా ఒక్క కాలుపులో, ఇనుము నల్లబడేలోపు జరిగిపోవాలి.

పాత మేకు తలను దగ్గరగా చూస్తే ఆ నాలుగు దెబ్బల పలకలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. ఎక్స్‌రేలో మేకు పొడవునా సన్నటి చారలు కనిపిస్తాయి. కొట్టేటప్పుడు లోపల మిగిలిపోయిన చిట్టెం ఇనుముతోపాటు సాగి ఏర్పడిన గీతలవి. పోతపోసిన ఇనుములో ఇవి ఉండవు.

మేకు

తెలంగాణ పల్లెల్లో మొల అంటారు, కోస్తాలో మేకు అంటారు. రోమన్ స్థలాల్లో దీని వాడకం ఎంత విస్తారమో చెప్పడానికి స్కాట్లండ్‌లోని ఇంచ్‌తుథిల్ ఒక్కటి చాలు. అక్కడ రోమన్ సైన్యపు 20వ లీజియన్ కట్టుకుంటున్న పెద్ద దండు కోటను క్రీ.శ. 87 ప్రాంతంలో వదిలి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లేముందు పనిశాల నేలలో లోతైన గుంత తీసి, దగ్గరున్న మేకులన్నీ అందులో పోసి పైన మట్టి కప్పేశారు. 1960లో ఇయాన్ రిచ్‌మండ్ బృందం ఆ గుంతను తెరిచింది. లెక్కపెడితే దాదాపు 8,75,000 మేకులు తేలాయి. చిన్నవి 5 సెంటీమీటర్లు, పెద్దవి 40 సెంటీమీటర్ల దాకా ఉన్నాయి.

అన్ని మేకులను ఎందుకు పాతిపెట్టారు? మోసుకెళ్లడం కష్టం, వదిలేస్తే అక్కడి తెగల చేతిలో పడి ఈటెలు, కత్తులు అవుతాయి. మేకు అంటే ఎప్పుడైనా మళ్లీ కొలిమికి వెళ్లగల ఇనుము. పాత మేకుల్ని ఏరి, కరకర తుప్పు రాల్చి, మళ్లీ సాగగొట్టడం ప్రపంచంలో ప్రతి కమ్మరీ చేసిన పనే. అందుకే మామూలు ఊళ్ల తవ్వకాల్లో దొరికే మేకుల సంఖ్య అప్పట్లో వాడిన వాటికి కొలత కానేకాదు. ఏరుకునేవాళ్ల కంట పడనివి మనకు దక్కాయి.

ఇంచ్‌తుథిల్‌లో ఇంకో విశేషం జరిగింది. గుంత అంచుల్లోని మేకులు తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుని పెచ్చులా గట్టిపడ్డాయి. ఆ పెచ్చు గాలినీ నీటినీ ఆపింది. నడిమధ్యనున్నవి దాదాపు చెక్కుచెదరలేదు. అణు వ్యర్థాలను నేలలో పాతిపెట్టే లోహపు డబ్బాలు వేల ఏళ్లు తట్టుకుంటాయా అని లెక్కలు వేసే శాస్త్రవేత్తలు ఈ మేకులను కూడా పరిశీలించారు.

కాండం చౌకం

తలకూ మొనకూ నడుమ ఉండేది కాండం. పాత మేకు కాండం అడ్డుకోతలో చౌకంగా ఉంటుంది, మొన వైపు నాలుగు పక్కలా సన్నబడుతుంది. ఇప్పుడు దుకాణంలో కిలోల లెక్కన కొనే మేకుది గుండ్రటి తీగ కాండం. తీగ మేకులు పంతొమ్మిదో శతాబ్దంలో యంత్రాలతోపాటు వచ్చినవి.

పొలంలో ఒక మేకు దొరికితే మొదట చూడాల్సింది ఈ గుర్తే. కాండం గుండ్రంగా, పొడవునా ఒకే లావుగా ఉంటే అది పాతది కాదు, పక్కన పెట్టొచ్చు. చౌకంగా ఉంటే మాత్రం తొందరపడకూడదు. చేత్తో కొట్టే కమ్మరి రెండువేల ఏళ్ల కిందటా చౌకపు మేకే కొట్టాడు, మన తాతల కాలంలోనూ చౌకపు మేకే కొట్టాడు. చౌకం అనే ఒక్క గుణంతో కాలం చెప్పడానికి వీల్లేదు. బ్రిటన్‌లోని రోమన్ ఇనుప సామానును వర్గీకరించిన డబ్ల్యు.హెచ్. మానింగ్ పద్ధతిలో కూడా మేకుల విభజన ఆకారం, పొడవు, తల తీరును బట్టి ఉంటుంది. కాలాన్ని చెప్పేది వాటితోపాటు దొరికిన కుండపెంకులు, నాణేలు.

తల గుండ్రం, పలుచన

తల ఆకారం మేకు చేసిన పనిని చెబుతుంది. గుండ్రటి పలుచని తల చెక్కల్ని దూలాలకు బిగించే మామూలు పనికి. లోపలికి దిగిపోయి పైకి కనిపించకుండా ఉండాల్సిన చోట తల చిన్నదిగా, కాండం కంటే కొంచెమే వెడల్పుగా ఉంటుంది. పిరమిడ్‌లా నాలుగు పలకలతో పొడుచుకొచ్చిన తల బరువైన తలుపులకు. మూడు మూలల పల్చటి తలను అడ్డంగా కొట్టి చెక్కలో దించేస్తే పైనుంచి సన్నటి గీతలా కనిపిస్తుంది.

శాతవాహన స్థలాల్లో మేకు తల ఒరుసుకునే ముఖ్యమైన చోటు ఇంటి కప్పు. ఆ కాలపు కప్పు పెంకులు పలకలా ఉండి, పైన రెండు కాల్వల్లాంటి గాడులు, ఒక చివర చిల్లులు ఉంటాయి. పెంకు చేత్తో పట్టుకుని చూస్తే చిల్లు అంచు ఒక పక్క నునుపుగా, రెండో పక్క మట్టి పొంగి గరుకుగా కనిపిస్తుంది. పెంకు పచ్చిగా ఉండగానే పుల్లతో గుచ్చిన గుర్తది. కాలిన తర్వాత ఆ చిల్లులోంచి మేకు దించి కింది వాసానికి బిగించారు. గాడులు వాన నీటిని పోగుచేసి కిందికి పంపుతాయి, మేకులు ఈదురు గాలికి పెంకు లేవకుండా పట్టి ఉంచుతాయి. వాసం పుచ్చిపోయింది, మేకు చాలాచోట్ల తుప్పై రాలిపోయింది, పెంకు మిగిలింది. పెంకులు కుప్పగా పడిన చోట మేకులు కూడా దొరికితే అక్కడ కప్పు కూలిందని ధైర్యంగా చెప్పొచ్చు. అందుకని పెంకుల మధ్య దొరికిన ఇనుప తునకల్ని వేరే సంచిలో వేసి మర్చిపోకూడదు.

మొన వంగినది

మేకు చెక్కను దాటి అవతలికి వస్తే దాని మొనను సుత్తితో వంచి చెక్కలోకి మడిచేస్తారు. అప్పుడది ఊడదు. తల దిగువ నుంచి వంపు దాకా కొలిస్తే అప్పటి పలకల మొత్తం మందం ఎంతో తెలిసిపోతుంది. పలక ఏనాడో మట్టిలో కలిసిపోయినా దాని మందం మేకులో మిగిలింది.

వంగిన మేకుల్లో ప్రపంచానికి బాగా తెలిసినది జెరూసలేంలో దొరికింది. 1968లో గివాత్ హమివ్తార్ అనే చోట ఒక సమాధి గుహలోని ఎముకల పేటికలో మడమ ఎముక దొరికింది. దానిలో 11.5 సెంటీమీటర్ల ఇనుప మేకు అడ్డంగా దిగి ఉంది. సిలువ శిక్షకు గురైన యెహోహనాన్ అనే యువకుడి ఎముక అది. మేకు కొస వంగిపోవడంతో శవాన్ని దించినవాళ్లు దాన్ని లాగలేకపోయి ఉంటారు. అందుకే అది ఎముకతోపాటు పేటికలో చేరి, రోమన్ కాలపు సిలువ శిక్షకు నేరుగా సాక్ష్యమైంది. మెదక్ చర్చి రంగుటద్దాల కిటికీలో సిలువ దృశ్యాన్ని చూసి పెరిగిన మన ప్రాంతం వాళ్లకు ఈ మేకు బరువు వేరే చెప్పనక్కర్లేదు. సిలువ వేసిన మేకుల్ని మళ్లీ వాడుకునేవాళ్లు, కొందరు తాయెత్తులుగా దాచుకునేవాళ్లు. కొస వంగిన ఆ ఒక్కటి మిగలడంతో చరిత్రకు ఆధారం దక్కింది.

కావాలని వంచిన మేకులు కూడా ఉన్నాయి. టర్కీలోని సగలస్సోస్‌లో రోమన్ కాలపు దహన స్థలం ఒకటి బయటపడింది. చితి చుట్టూ వంచిన, మెలితిప్పిన 41 మేకులు చల్లి ఉన్నాయి. చితి బూడిదను ఇటుకలతో కప్పి పైన సున్నం పరిచారు. పోయినవాళ్లు తిరిగి రాకుండా చేసిన కట్టడిగా పరిశోధకులు దీన్ని అర్థం చేసుకున్నారు. దయ్యం పట్టిందని చెట్టుకు మేకు దిగ్గొట్టే ఆచారం మన పల్లెల్లోనూ ఉంది. మేకుతో ‘కట్టేయడం’ అనే నమ్మకం ఎంత పాతదో, ఎంత దూరం పరుచుకుందో సగలస్సోస్ చెబుతుంది. రోమ్ నగరంలో జూపిటర్ గుడి గోడకు ఏటా సెప్టెంబర్ 13న ఒక మేకు కొట్టే ఆచారాన్ని చరిత్రకారుడు లివీ నమోదు చేశాడు.

చెప్పు మేకు, బొడిపె

పట్టీలో ‘మేకు’ పక్కనే తరచు ‘బొడిపె’ అనే మాట కనిపిస్తుంది. పొట్టి కాండం, ఉబ్బిన తల దీని లక్షణం. రోమన్ సైనికుల తోలు చెప్పుల అడుగున ఇలాంటివి డజన్ల కొద్దీ కొట్టేవాళ్లు. నడిచేకొద్దీ అవి రాలుతూ పోయేవి. సైన్యం నడిచిన దారి అలా నేలలో గుర్తుండిపోయింది. ఫ్రాన్సులోని అలేసియాలో క్రీ.పూ. 52లో జూలియస్ సీజర్ ముట్టడి వేసిన చోట దొరికిన చెప్పు మేకుల తల లోపలి వైపు శిలువ గీతలు, చుక్కలు ఉంటాయి. అదే గుర్తున్న మేకులు ఇతరచోట్ల కూడా దొరికి, ఆ కాలపు దండు కదలికల్ని గుర్తించడానికి సాయపడుతున్నాయి.

ఇలాంటి చెప్పు మేకులతో ఒకడి ప్రాణమే పోయింది. క్రీ.శ. 70లో జెరూసలేం ముట్టడిలో జూలియానుస్ అనే శతాధిపతి ఒంటరిగా శత్రువుల మీదికి దూకి వాళ్లను తరుముతూ గుడి ఆవరణలోని నున్నని రాతి పరుపు మీదికి పోయాడు. చెప్పుల కింది ఇనుప మేకులు జారి వెల్లకిలా పడ్డాడు. శత్రువులు చుట్టుముట్టి చంపేశారు. అప్పటి యుద్ధ చరిత్ర రాసిన జోసిఫస్ ఈ సంగతి చెప్పాడు.

తలుపులకు, పెట్టెలకు కొట్టే బొడిపెలు వేరు. పాంపేయిలో క్రీ.శ. 79 నాటి అగ్నిపర్వతపు బూడిదలో చెక్క తలుపులు పుచ్చిపోగా మిగిలిన ఖాళీల్లో ప్లాస్టర్ పోస్తే, వరుసలు తీరిన బొడిపెలతో సహా తలుపు రూపం వచ్చింది. ఇనుప రేకులు కప్పి కంచు బొడిపెలు కొట్టిన డబ్బు పెట్టెలు అక్కడ దొరికాయి. కంచు బొడిపె ముందు అలంకారం, తర్వాత గట్టిదనం. గోల్కొండ కోట ద్వారం తలుపులకు పొడుచుకొచ్చిన ఇనుప ముళ్లు మాత్రం ఏనుగు కుంభస్థలం ఆనించి తోయకుండా పెట్టినవి. రెండింటినీ పట్టీలో ఒకే మాటతో రాస్తే పని తేడా చెరిగిపోతుంది. తల ఎత్తు, అడుగు వెడల్పు, లోపల సీసం నింపారా లేదా అన్నది రాయాలి.

బందు, గొళ్ళెం, చీల

బందులంటే చెక్కను చెక్కతో కలిపి ఉంచే రేకులు, కీళ్లు, కొక్కేలు, గొళ్ళేలు, తాళం పలకలు. విడిగా చూస్తే వంకర ఇనుప ముక్కలు. ఒకే చోట, ఒకే ఎత్తులో, ఒక పద్ధతిలో పడి ఉంటే అక్కడ ఒక పెట్టె ఉండేదని, దాని పొడవు ఇంత, వెడల్పు ఇంత అని చెప్పేస్తాయి. రోమన్ బ్రిటన్ సమాధుల్లో చెక్క పేటికలు పూర్తిగా మట్టైపోయాయి. అస్థిపంజరం చుట్టూ నిలిచిన మేకుల వరుసను బట్టి పేటిక ఆకారాన్ని గీశారు. ఆ మేకుల్ని ఏరి ఒక డబ్బాలో వేసి ఉంటే మిగిలేది ఇనుప తుక్కే.

చీల సంగతి బండ్లు కట్టినవాళ్లకు తెలుసు. ఇరుసు కొసన చక్రం జారిపోకుండా దిగేసేది కడచీల. రోమన్ బండ్లకూ అదే ఉండేది, పైభాగంలో చిన్న కొంకి తీసి తాడు కట్టేవాళ్లు. బండి చక్రం మీది ఇనుప పట్టా, కడచీల ఒకే పొరలో దొరికితే ఆ ఊరికి బండ్ల రాకపోకలు ఉండేవని గట్టిగా చెప్పొచ్చు. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న కొండాపూర్ లాంటి ఊరి వర్తకానికి బండే ఆధారం కాబట్టి కడచీల విలువ చిన్నది కాదు.

ఓడ మేకు

పట్టీలో లేకపోయినా ఈ మాట చేర్చాలి. రోమన్ ఓడల పలకలను ముందు చెక్క బిగింపులతో అంచుకు అంచు కలిపి, లోపలి పక్కటెముకలకు రాగి మేకులో ఇనుప మేకులో కొట్టేవాళ్లు. ఇటలీలోని నేమి సరస్సు నీళ్లు తోడించి 1929–32 మధ్య బయటికి తీసిన రెండు పెద్ద ఓడల అడుగుకు సీసపు రేకు తొడిగి రాగి మేకులు కొట్టి ఉన్నాయి.

మన తూర్పు తీరంలో ఓడ కట్టే తీరు వేరు. ఇక్కడ ప్రసిద్ధమైన మసులా పడవ పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్లు. ఒక్క మేకూ ఉండదు. రేవులేని ఒడ్డున అల దెబ్బకు మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. అరేబియా సముద్రంలో కూడా కుట్టు పడవలు తిరిగేవని మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం ‘పెరిప్లస్’ చెబుతుంది. కాబట్టి ఆంధ్ర తీరంలోని పాత రేవు పొరల్లో ఓడ మేకులు తక్కువగా దొరికితే అక్కడ నౌకా వ్యాపారం లేదనుకోవడం పొరపాటు. ఒక సంప్రదాయపు కొలబద్దను ఇంకో సంప్రదాయం మీద గుడ్డిగా పెట్టకూడదు.

తుప్పు దట్టం, కర్ర ఆనవాలు ఉంది

తుప్పును చూడగానే గీకేయాలనిపిస్తుంది. అది చాలా నష్టం చేస్తుంది. మేకు నేలలో తుప్పుపడుతున్నప్పుడు దానికి ఆనుకున్న చెక్క పుచ్చుతూ ఉంటుంది. చెక్క నారలోకి తుప్పు దిగి, చెక్క పోయినా దాని అచ్చు తుప్పులో గట్టిపడుతుంది. భూతద్దంలో చూస్తే నార గీతలు మేకుకు అడ్డంగా ఉన్నాయో నిలువుగా ఉన్నాయో తెలుస్తుంది. సూక్ష్మదర్శినిలో చెక్క జాతి కూడా తేలుతుంది. గీతల దిశ మారిన చోట ఒక పలక అయిపోయి ఇంకోటి మొదలైందని అర్థం.

అందుకే ముందు ఎక్స్‌రే తీస్తారు. బయటికి మట్టిబెడ్డలా ఉన్న ముద్ద లోపల మేకు అసలు ఆకారం, తల, వంపు కనిపిస్తాయి. ఆ తర్వాతే సూక్ష్మదర్శిని కింద అవసరమైన మేర శుభ్రం చేస్తారు. ఉప్పున్న నేలలోంచి వచ్చిన ఇనుము గాలి తగలగానే లోపలి నుంచి పగులుతుంది. తేమ పీల్చే సిలికా జెల్ పెట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టాలి. నూనె రాయడం, నీళ్లలో నానబెట్టడం, ఇసుక కాగితంతో తోమడం చేస్తే రెండువేల ఏళ్ల సాక్ష్యం ఒక్క పూటలో పోతుంది.

రోమన్

ఈ మాట దగ్గర ఎక్కువసేపు ఆగాలి. రోమ్‌తో మన ప్రాంతానికి సంబంధం ఉందనడంలో సందేహం లేదు. కొండాపూర్‌లో అగస్టస్ బంగారు నాణెంతోపాటు రోమన్ నాణేలను చూసి మట్టిలో అచ్చొత్తిన బిళ్లలు దొరికాయి. నల్లగొండ జిల్లా అక్కనపల్లి కుండలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నాయని ప్లినీ వాపోయాడు. రోమన్ లోహపు వస్తువులు దక్కన్‌కు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కొల్హాపూర్ దగ్గరి బ్రహ్మపురిలో 1940ల్లో దొరికిన సముద్ర దేవుడి కంచు బొమ్మ అలాంటిదే.

అయితే మేకును ఎవరూ ఓడల్లో వేసుకుని ఇంత దూరం తెచ్చి అమ్మరు. రోమన్ ఓడలు మన రేవుల్లో దించినవాటిలో రాగి, తగరం, సీసం ఉన్నాయని పెరిప్లస్ చెబుతుంది. ఇనుము ప్రయాణం అటునుంచి ఇటు కాదు, ఇటునుంచి అటు. ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న అదూలిస్ రేవుకు మన పడమటి తీరపు అరియాకె నుంచి ఇనుము, ఉక్కు వెళ్లేవని అదే గ్రంథంలో ఉంది. రోమన్ చట్టాల సంకలనంలో సుంకం కట్టాల్సిన సరుకుల పట్టీలో భారతీయ ఇనుము పేరు కనిపిస్తుంది. ఉక్కు అమ్మిన దేశం మేకులు కొనుక్కోదు.

కాబట్టి తెలంగాణ నేలలో దొరికిన మేకు పక్కన ‘రోమన్’ అని రాసే ముందు అది కాలాన్ని సూచిస్తోందా, తయారైన చోటును సూచిస్తోందా అని ఆలోచించాలి. రోమన్ కాలానికి సమకాలీనం అనుకుంటే ‘శాతవాహన కాలం’ అని రాస్తే సరి. మేకు కొట్టినవాడు ఈ నేల కమ్మరి. దొరికిన ప్రతి వస్తువుకూ రోమ్ పేరు తగిలిస్తే గొప్ప వస్తుందనుకోవడం మన కమ్మరికి అన్యాయం చేయడమే.

పొర నమోదు లేదు

పట్టీలోని చివరి మాట అన్నిటికంటే విచారకరమైనది. పైన చెప్పిన ప్రతి అర్థం ఒక షరతు మీద ఆధారపడి ఉంది: మేకు ఎక్కడ, ఎంత లోతున, వేటి పక్కన దొరికిందో తెలియాలి. పెంకుల కుప్పలో దొరికితే అది కప్పు. అస్థిపంజరం చుట్టూ దొరికితే పేటిక. చితి బూడిద అంచున దొరికితే ఆచారం. చక్రపు పట్టా పక్కన దొరికితే బండి. ఆ నాలుగు మేకుల్నీ ఒక సంచిలో వేస్తే నాలుగూ ఒకటే అయిపోతాయి. పొర పోయిన మేకుకు వ్యాఖ్యానం రాయలేం.

మన చుట్టూ పొరలు ఇప్పుడు వేగంగా కదులుతున్నాయి. చెరువు పూడికమట్టి ట్రాక్టర్లలో పొలాలకు చేరుతోంది. దిబ్బలు చదును చేసి ప్లాట్లు వేస్తున్నారు. పునాదికి జేసీబీతో గుంత తీస్తే వెయ్యేళ్ల పొరలు ఒక్క బకెట్‌లో తిరగబడతాయి. దీన్ని ఆపడం అన్నిచోట్లా సాధ్యం కాదు, గమనించడం మాత్రం సాధ్యమే.

హవేలిఘనపూర్ చుట్టుపక్కల రైతులకు, కూలీలకు, ట్రాక్టర్ నడిపేవాళ్లకు ఒక మనవి. చిట్టెపు రాళ్లు, నల్లటి కుండపెంకులు, చౌకపు మేకులు కలిసి కనిపిస్తే వాటిని కడగకండి, తోమకండి, తుక్కు కొనేవాళ్లకు అమ్మకండి. ఉన్నచోటనే ఫొటో తీయండి. పక్కన స్కేలు గానీ అగ్గిపెట్టె గానీ పెట్టండి. సర్వే నంబర్, లోతు రాసుకుని తహశీల్దార్ కార్యాలయానికీ రాష్ట్ర వారసత్వ శాఖకూ తెలపండి. భూమిలో దాగి దొరికిన, పది రూపాయలకు మించి విలువ చేసే వస్తువును కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన వస్తువుల అమ్మకాలను 1972 చట్టం కట్టడి చేస్తోంది.

మన ఊళ్లోనే ఉన్న డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నవాళ్లకు మరో మనవి. రేపు బడికి వెళ్లాక పిల్లలను ఒకసారి కొండాపూర్ మ్యూజియానికి తీసుకెళ్లండి. నాణేల దగ్గర ఎంతసేపు ఆపుతారో ఇనుప సామాను దగ్గరా అంతసేపు ఆపండి. ఒక్కో ముక్క చూపించి ఇది ఏ పనికి వాడి ఉంటారు, దీని పక్కన ఏముండి ఉంటుంది అని అడగండి. ఆ రెండు ప్రశ్నలు వేయడం అలవాటైన పిల్లలు రేపు తమ పొలంలో తుప్పు ముక్క కనిపిస్తే పారేయరు.